హాస్టల్లో గీతలు నిండుగా, నెట్ సున్నా: చెన్నై క్యాంపస్ వైఫైకి సలహా కావాలి

నెల్లూరు నెట్:
అందరికీ నమస్కారం. తాంబరం దాటాక ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నెట్‌వర్క్ టీంలో కొత్తగా చేరాను. పేరు అడగొద్దు, ఉద్యోగం కావాలి. హాస్టళ్లలో సగం మంది మన తెలుగు పిల్లలే. తిట్లు కూడా శుభ్రంగా తెలుగులోనే వస్తున్నాయి.

సమస్య ఇదీ. రాత్రి తొమ్మిది దాటితే హాస్టల్ బ్లాకుల్లో వైఫై పడకేస్తుంది. ఫోన్లో గీతలన్నీ నిండుగా ఉంటాయి, వాట్సాప్ మెసేజ్ మాత్రం గడియారం గుర్తు చూపిస్తూ కూర్చుంటుంది. బయటికి వెళ్లే లింకు 10 జీబీపీఎస్, అందులో మూడో వంతు కూడా వాడుకలో లేదు. నేను రాకముందు ఇదే ఫిర్యాదుకు మేనేజ్‌మెంట్ చేసిన వైద్యం వరండాల్లో యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, వైఫై పంచే పెట్టెలు) రెట్టింపు చేయడం. అప్పట్నుంచి ఇంకా అధ్వానం అయిందని వార్డెన్లే అంటున్నారు.

ఒక్కో అంతస్తులో పొడుగాటి వరండా, రెండు వైపులా గదులు, వరండా సీలింగుకు వరసగా పన్నెండు ఏపీలు. వైఫై 6 సరుకే, పాతది కాదు. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టారు. డీఎఫ్‌ఎస్ ఛానళ్లు, అంటే రాడార్ వినబడితే ఖాళీ చేయాల్సినవి, ఆపేసి ఉన్నాయి. పవర్ గరిష్ఠం. ఎస్‌ఎస్‌ఐడీలు (వైఫై పేర్లు) ఐదు: స్టూడెంట్లకు, స్టాఫ్‌కు, గెస్టులకు, పరీక్షలకు, కెమెరాలకు. ఇంకో విడత ఏపీలు కొనమని వెండర్ కొటేషన్ పంపాడు, సంతకం కోసం నా బల్ల మీద ఉంది. ఏమంటారు?

ఛానల్ పదకొండు:
సంతకం పెట్టకండి సార్. మీరు రాసినదాంట్లోనే జబ్బు కనబడుతోంది.

మన దేశంలో 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున లెక్కేస్తే మామూలు ఫోన్లు, లాప్‌టాప్‌లు వాడే ఛానళ్లు 25 వస్తాయి. 40 పెడితే 12. 80 పెడితే 6. మీరు డీఎఫ్‌ఎస్ కూడా ఆపేశారంటున్నారు, అంటే 52 నుంచి 144 దాకా ఉన్నవన్నీ పోయాయి. మిగిలింది 36 నుంచి 48, 149 నుంచి 165. అందులో 80 వెడల్పువి ఎన్ని పడతాయి? రెండు.

పన్నెండు ఏపీలు, రెండు ఛానళ్లు. వరండాలో అడ్డుగోడ లేదు, పవరేమో గరిష్ఠం. ఈ చివరన ఉన్న ఏపీ ఆ చివరి దాకా వినబడుతుంది. ఒకటి మాట్లాడుతున్నంతసేపూ అదే ఛానల్లో ఉన్న మిగతా ఐదూ, వాటికి తగులుకున్న ఫోన్లన్నీ నోరు మూసుకుని ఆగాలి. వైఫై నియమమే అంత, ముందు విను, ఖాళీగా ఉంటేనే మాట్లాడు. టీనగర్‌లో కిక్కిరిసిన రంగనాథన్ వీధిలో ఇంకో పది దుకాణాలు తెరిస్తే నడిచే దారి వెడల్పవుతుందా?

ఏపీలన్నిటినీ నడిపే కంట్రోలర్లో ఛానల్ యుటిలైజేషన్ (ఛానల్ ఎంతసేపు నిండి ఉంది), రీట్రై శాతం (ఎన్ని మళ్లీ పంపాల్సొచ్చింది) రాత్రి పదింటికి చూడండి. వెండర్ పంపే స్పీడ్ టెస్ట్ ఫోటోలు నమ్మకండి. పిల్లలు క్లాసులకు వెళ్లాక ఖాళీ హాస్టల్లో నిలబడి తీసినవి అవి.

రాత్రి రౌటర్:
నేను అలాంటి హాస్టల్లోనే ఉంటాను అన్నా. మీదేనేమో కూడా. గదిలో ఒక లాన్ పోర్టు ఉంది, దానికి నా సొంత రౌటర్ తగిలించా. పక్క గదులవాళ్లూ అంతే. మా ఫ్లోర్లో వైఫై పేర్ల జాబితా తెరిస్తే స్క్రోల్ చేస్తూనే ఉండాలి. సగం హీరోల పేర్లు, సగం ఇక్కడ రాయలేనివి. మీ వైఫై సరిగ్గా ఉంటే మేమెందుకు జేబులో డబ్బులు పెట్టి కొంటాం?

నెల్లూరు నెట్:
@ఛానల్ పదకొండు గారూ, చూశాను. ఛానల్ వాడకం రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఎనభైల్లో కూర్చుంది, ఒంటిగంట దాకా దిగలేదు. రీట్రైలు చూస్తే భయమేసింది.
@రాత్రి రౌటర్ తమ్ముడూ, నీ ప్రశ్న న్యాయమైనదే. నీ బ్లాక్ నంబర్ మాత్రం చెప్పొద్దు, చెబితే నేను పైకి రిపోర్ట్ రాయాల్సొస్తుంది.

ప్యాకెట్ వేటగాడు:
రౌటర్ తమ్ముడికి చిన్న ప్రశ్న. గోడ పోర్టు నుంచి వచ్చే వైరు రౌటర్లో వాన్ పోర్టుకు (బయటి నెట్ వచ్చేది) గుచ్చావా, లాన్ పోర్టుకా (లోపలి పరికరాలది)?

రాత్రి రౌటర్:
ఏదో పసుపుదానికి.

ప్యాకెట్ వేటగాడు:
సరిపోయింది. చాలా రౌటర్లలో పసుపువి లాన్ పోర్టులు. అంటే నీ రౌటర్ ఫ్లోర్ మొత్తానికీ డీహెచ్‌సీపీ సర్వర్, అంటే అడ్రసులు పంచేది, అయి కూర్చుంది. పక్క గదుల్లో లాప్‌టాప్‌కు వైరు పెట్టుకున్నవాళ్లకు 192.168తో మొదలయ్యే అడ్రసు నీ దగ్గర్నుంచే వెళుతుంది, వాళ్ల నెట్ ఆగిపోతుంది, తిట్లు నెల్లూరు గారికి పడతాయి. దీనికి పిల్లల గదులు వెతకడం దండగ. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేయండి, అడ్రసులు పంచే విషయంలో పైకి వెళ్లే పోర్టు ఒక్కదాన్నే నమ్మమనండి.

అసలు "నెట్ రావట్లేదు" అన్న ఒక్క ఫిర్యాదు కింద నాలుగు వేరువేరు జబ్బులుంటాయి. గాలిలో వంతు దొరక్కపోవడం ఒకటి. లాగిన్ దగ్గర మనిషిని సరిచూసే రేడియస్ సర్వర్ జవాబివ్వకపోవడం ఒకటి. అడ్రసు దొరక్కపోవడం ఒకటి. సైటు పేరును అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ మొరాయించడం ఒకటి. మొదటిదాన్ని పదకొండు గారు పట్టుకున్నారు. మీ హాస్టల్ వీలాన్‌కు (విడిగా గీసిన నెట్‌వర్క్ ముక్క) ఎంత పూల్ (అడ్రసుల మూట) ఇచ్చారు, లీజ్ (ఒక్కో అడ్రసు గడువు) ఎంతసేపు?

నెల్లూరు నెట్:
బ్లాకుకు ఒక /22. లీజ్ ఎవరూ ముట్టుకోలేదు, విండోస్ సర్వర్లో మొదట్నుంచీ వచ్చే 8 రోజులే. బ్లాకులో ఎనిమిది వందల పైచిలుకు మంది.

ప్యాకెట్ వేటగాడు:
/22 అంటే 1022 అడ్రసులు. మనిషికి ఫోనూ లాప్‌టాపూ వేసుకుంటేనే 1600. మీద స్మార్ట్ వాచీలు, ట్యాబులు. పైగా 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసు (పరికరం గుర్తింపు నంబరు) చెప్పడం మానేసి ఉత్తుత్తి అడ్రసుతో వస్తున్నాయి. కుర్రాడు విసుగొచ్చి సెట్టింగులు రీసెట్ కొట్టాడంటే కొత్త ముఖంతో వచ్చి ఇంకో అడ్రసు పట్టుకుపోవచ్చు, పాతది 8 రోజులు పాడుబడి ఉంటుంది. ఇంకా పెద్దది, /20 ఇవ్వండి. లీజ్ హాస్టల్లో సగం రోజు, క్లాసు భవనాల్లో గంటో రెండు గంటలో చాలు. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఈ రాత్రే చేయొచ్చు. పెద్ద వీలాన్ అన్నాక అందరికీ ఒకేసారి వెళ్లే బ్రాడ్‌కాస్ట్ గోల గాల్లోకి ఎక్కకుండా క్లయింట్ ఐసోలేషన్ (ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా), ప్రాక్సీ ఏఆర్‌పీ (ఫోన్ల బదులు ఏపీనే జవాబివ్వడం) కూడా పెట్టండి.

తరమణి టవర్:
పదకొండు గారు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది. చెన్నైలో డీఎఫ్‌ఎస్ ఆపడమే కరెక్ట్. హార్బర్లో వాతావరణ శాఖ రాడార్, ఇటు పళ్లికరణైలో ఇంకో రాడార్. రాడార్ తగిలిన ప్రతిసారీ ఏపీ ఛానల్ వదిలి పారిపోవాలి. పిల్లలు ఆటలో ఉండగా పారిపోతే చూడండి మజా.

అంబత్తూరు అక్క:
తరమణి గారూ, రాడార్లు ఉన్నమాట నిజం. హార్బర్ దగ్గరున్న డాప్లర్ రాడార్ 2002 నుంచీ తుపాన్లను చూస్తోంది. కానీ అది ఎస్ బ్యాండ్, అంటే 2.8 గిగాహెర్ట్జ్ ప్రాంతం. పళ్లికరణైది ఎక్స్ బ్యాండ్, 9 గిగాహెర్ట్జ్ పైన. డీఎఫ్‌ఎస్ కాపలా కాసేది 5250 నుంచి 5350, 5470 నుంచి 5725 మెగాహెర్ట్జ్ మధ్య. ఈ రెండింటికీ దాంతో సంబంధం లేదు. నేను చూసిన చోట్ల ఎక్కువగా ఏపీనే పొరబడుతుంది, పక్కనున్న ఇంకో రేడియో చప్పుడు విని రాడార్ అనుకుంటుంది. ఫర్మ్‌వేర్ మారిస్తే చాలావరకు తగ్గుతుంది.

అనుమానం తీరాలంటే ఒక్క బ్లాకులో డీఎఫ్‌ఎస్ ఆన్ చేసి ఒక వారం లాగ్ చూడండి. ఏ ఛానల్లో పదేపదే తగులుతోందో దాన్ని ఒక్కదాన్నే జాబితాలోంచి తీసేయండి. ఒక్క ఛానల్ భయానికి పదహారు వదులుకోవడం ఏమిటి? ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది, ఆ ఛానల్లోకి దిగే ముందు ఏపీ 60 సెకన్లు ఊరికే వినాలి. అందుకే ఛానళ్లు మార్చే పని తెల్లవారుజామున పెట్టుకోండి.

తరమణి టవర్:
ఎస్ బ్యాండ్ సంగతి ఒప్పుకుంటున్నా. ఎయిర్‌పోర్టు వైపు క్యాంపస్‌లైతే నేను ఇంకా నమ్మను.

అంబత్తూరు అక్క:
నమ్మొద్దు. లాగ్ చూడండి.

ఛానల్ పదకొండు:
అక్క చెప్పాక ఛానళ్ల సంగతి తేలింది. 20 మెగాహెర్ట్జ్‌కు దిగితే పన్నెండు ఏపీలకూ పన్నెండు వేరు ఛానళ్లు ఇచ్చి ఇంకా మిగుల్తాయి, పై అంతస్తుకు వేరేవి వాడుకోవచ్చు. "80 తీసేస్తే స్పీడ్ పడిపోతుంది కదా" అని డైరెక్టర్ గారు అడుగుతారు. ఒక్కడు వాడితే పడిపోతుంది. మూడొందల మంది వాడితే అందరికీ పెరుగుతుంది.

ఇక ఆ ఐదు ఎస్‌ఎస్‌ఐడీలు. ప్రతి ఏపీ ప్రతి ఎస్‌ఎస్‌ఐడీకీ 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి "నేనున్నా" అని బీకన్ వేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 1 ఎంబీపీఎస్‌లో పోతుంది. 250 బైట్ల బీకన్‌కు 2 మిల్లీసెకన్లు, అంటే గాలిలో రెండు శాతం. ఐదు పేర్లకు పది శాతం. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే కాబట్టి మీ పన్నెండు ఏపీల్లో నాలుగు ఒకే ఛానల్లో పడతాయి. నలభై శాతం. ఒక్క కుర్రాడూ ఒక్క రీలూ చూడకముందే సగానికి దగ్గర సమయం పేర్లు చదవడానికే పోయింది. పిల్లల సొంత రౌటర్ల బీకన్లు ఇందులో కలపలేదు.

రెండు పేర్లు చాలు, మహా అయితే మూడు. స్టూడెంట్, స్టాఫ్ తేడా రేడియస్ చూసుకుంటుంది, మనిషిని బట్టి వీలాన్‌లో పడేస్తుంది. కెమెరాలకు వైరు వేయండి. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ రేట్లు తీసేసి కనీసం 12 పెట్టండి. 2.4 రేడియో మూడింట్లో రెండు ఏపీలకు ఆపేయండి.

రాత్రి రౌటర్:
పవర్ తగ్గించమని ఎవరూ చెప్పట్లేదేం? మా సీనియర్ ఒకడు తగ్గించాలంటాడు. తగ్గిస్తే ఇంకా అందదు కదా?

ఛానల్ పదకొండు:
మీ సీనియర్‌ని ఇక్కడికి పంపు తమ్ముడూ. ఏపీ గట్టిగా అరిస్తే నీ ఫోనుకు వినబడుతుంది, గీతలు నిండుతాయి. నీ ఫోను రేడియో చిన్నది, అంత గట్టిగా జవాబు చెప్పలేదు. నీ జవాబు ఏపీకి చేరదు. "గీతలు నిండుగా, నెట్ సున్నా" అంటే చాలాసార్లు ఇదే. ఏపీ పవర్ ఫోను పవర్‌కు దగ్గరగా తెస్తే గీతలు రెండో మూడో చూపిస్తుంది, కానీ చూపించినవి నిజం. ఇంకో లాభం ఏమిటంటే, మెస్ దగ్గర తగిలిన ఏపీని మూడో అంతస్తు దాకా పట్టుకు వేలాడే ఫోన్లు వదులుతాయి. 802.11కే, వీ, ఆర్ (ఫోను ఒక ఏపీ నుంచి ఇంకోదానికి మారడానికి సాయపడేవి) ఆన్ చేస్తే ఆ వదలడం ఇంకొంచెం సాఫీగా జరుగుతుంది. ఆర్ మాత్రం పాత పరికరాలతో ఒకసారి పరీక్షించి పెట్టండి.

ప్యాకెట్ వేటగాడు:
ఒక పాత కథ, ఓపిక లేనివాళ్లు దాటెయ్యండి. గాల్లో అందరూ ఒకే ఛానల్ పంచుకునే ప్యాకెట్ నెట్‌వర్క్ పుట్టిందే యూనివర్సిటీలో. 1971లో హవాయి యూనివర్సిటీలో అలోహానెట్. అందులో వినడం లేదు, ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపడమే, ఢీకొంటే మళ్లీ పంపడం. అలా చేస్తే గాలి సమయంలో ఎంత గొప్పగా వాడినా 18.4 శాతమే పనికొస్తుందని లెక్క. మీ వరండాలో ఏపీలు ఒకదాన్నొకటి వింటాయి, కానీ ఎదురెదురు గదుల్లోని ఫోన్లు గోడల వల్ల ఒకదాన్నొకటి వినవు. ఖాళీగా ఉందనుకుని రెండూ ఒకేసారి పంపి వరండాలో ఢీకొంటాయి. మీ రీట్రైలు చూసి భయపడ్డానన్నారు, ఈ ఢీలు వాటిలో చాలానే ఉంటాయి. వినే పద్ధతి పెట్టి ఇన్నేళ్లయినా, వరండా మనల్ని 1971కి తోసేస్తుంది.

అంబత్తూరు అక్క:
అందుకే ఏపీలు వరండాలోంచి గదుల్లోకి పోవాలి. రెండు గదులకు ఒకటి, గోడ ప్లేటు రకం, తక్కువ పవర్. పాత హాస్టళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ మనకు శత్రువు అనుకుంటారు, నిజానికి అదే మన మిత్రుడు. ఒక గది గోల పక్క గదికి పోకుండా ఆపుతుంది. పైగా ఆ ప్లేటులోనే లాన్ పోర్టు కూడా వస్తుంది, రౌటర్ తమ్ముడి పసుపు పోర్టు కష్టాలు తీరతాయి.

కేబుల్ బాబాయి:
అక్కా నువ్వు ఏపీ గదిలో పెట్టమంటావు, వైరు లాగేది ఎవరు? నేనే. కాబట్టి రెండు ముక్కలు.

ఒకటి, ఉన్న స్విచ్‌ల పవర్ చూడండి. 24 పోర్టుల పీఓఈ (నెట్ వైరులోనే కరెంటు పంపే) స్విచ్ అని కొంటారు, దాని మొత్తం బడ్జెట్ 370 వాట్లే ఉంటుంది చాలాసార్లు. పాత పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్‌లో పోర్టుకు 15.4 వాట్లు, 24 పోర్టులకు సరిగ్గా సరిపోయింది. వైఫై 6 ఏపీ 20 వాట్లు లాగిందనుకోండి, 24కి 480. ఏపీలు రెట్టింపు చేశారన్నారే, అప్పుడు స్విచ్ మార్చారా? మార్చకపోతే కొన్ని ఏపీలు లేవవు, కొన్ని లేచి సగం రేడియోలు ఆపుకుని బతుకుతాయి. లైటు పచ్చగానే వెలుగుతుంది.

రెండు, సీలింగు పైకెక్కి కేబుల్ కోసి చూడండి. చెన్నైలో, బయట కూడా, రాగి పూత వేసిన అల్యూమినియం తీగను క్యాట్ 6 అని అమ్ముతారు. నెట్ పోతుంది, టెస్టర్లో కూడా పాసైనట్టే కనిపిస్తుంది. దానిమీద పీఓఈ పెట్టి, మే నెల కత్తిరి ఎండల్లో సిమెంటు రేకుల కింద కట్టలు కట్టలుగా పడుకోబెడితే వేడెక్కి వోల్టేజి పడిపోతుంది. మధ్యాహ్నం ఏపీ దానంతటదే రీబూట్ అవుతుంది, సాయంత్రానికి బాగుంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు నెలల తరబడి లాగులు చదువుతారు. కత్తితో గీకితే తెల్లగా కనబడుతుంది, అంతే.

నెల్లూరు నెట్:
బాబాయ్, ఆ మధ్యాహ్నం రీబూట్ మా ఆరో అంతస్తులో ఉంది! పై అంతస్తే. రేపు కత్తి తీసుకెళ్తా.

వేళచ్చేరి వాన:
కేబుల్ మాట వచ్చింది కాబట్టి. భవనానికీ భవనానికీ మధ్య రాగి వద్దు, ఫైబరే. పిడుగు పడినప్పుడు రాగి వెంట రెండు వైపులా స్విచ్‌లు పోతాయి. ర్యాకులు కింది అంతస్తులో నేలకు ఆనించి పెట్టొద్దు. 2015 డిసెంబరు వరదలు, 2023లో మిచాంగ్ తుపాను చూశాక కూడా యూపీఎస్ బ్యాటరీలు సెల్లార్లో పెట్టే క్యాంపస్‌లున్నాయి. చెట్ల మధ్య పాయింట్ టు పాయింట్ రేడియో లింకు వేసేవాళ్లకు కూడా ఒక మాట: మే నెలలో సర్వే చేసి నవంబరులో వాడతారు, తడిసిన ఆకులు 5 గిగాహెర్ట్జ్‌ను తాగేస్తాయి. 2016లో వర్దా తుపాను వచ్చినప్పుడు నగరంలో అన్ని చెట్లు కూలితే స్తంభాల మీద వైర్లు ఏమయ్యాయో అందరం చూశాం.

తరమణి టవర్:
నాదొక విప్లవాత్మక ప్రశ్న. ప్రతి పిల్లాడి జేబులో 5జీ ఉంది, రోజుకు రెండు జీబీ ఉంది. ఇంత ఖర్చుపెట్టి హాస్టల్ వైఫై ఎందుకు? మానేస్తే?

రాత్రి రౌటర్:
రెండు జీబీ అయిపోయేది మధ్యాహ్నానికే సార్. గదిలో 5జీ గుర్తు కిటికీ దగ్గరే వస్తుంది. లాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ పెడతాం, అదీ వైఫైయే కదా.

ఛానల్ పదకొండు:
అదే చెప్పబోతున్నా. పిల్లలు సొంత డేటాకు మారిన రోజు మీ గాలిలో వందల హాట్‌స్పాట్‌లు లేస్తాయి, ఏదీ మీ కంట్రోలర్ మాట వినదు. పైగా జర్నల్స్ క్యాంపస్ ఐపీ చూసి తెరుచుకుంటాయి, ఆన్‌లైన్ పరీక్షలూ లోపలి నెట్ మీదే.

అంబత్తూరు అక్క:
లాగిన్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పోర్టల్ పేజీలో రోల్ నంబర్ కొట్టే పద్ధతి ఉంటే తీసేయండి, ఫోన్ నిద్రపోయి లేచిన ప్రతిసారీ అది ఒక శిక్ష. 802.1ఎక్స్ పెట్టండి, ఒకసారి ఫోన్లో వివరాలు వేస్తే తర్వాత దానంతటదే లాగిన్ అవుతుంది. 2020 చివర్లో ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో "సర్టిఫికేట్ చూడొద్దు" (లాగిన్ సర్వర్ అసలుదో కాదో సరిచూడొద్దు) అనే ఆప్షన్ తీసేయడం మొదలుపెట్టారు, అప్పట్నుంచి హెల్ప్‌డెస్కులకు జూన్, జూలైల్లో నిద్ర లేదు. అడ్మిషన్ రోజునే ఒక చిన్న యాప్‌తో ప్రొఫైల్ వేసి పంపితే ఆ గొడవ ఉండదు. అది కుదిరాక యూనివర్సిటీల ఉమ్మడి వైఫై లాగిన్ ఎడురోమ్‌లో చేరండి, మన దేశంలో విద్యా నెట్‌వర్క్ సంస్థ ఎర్నెట్ నడుపుతోంది. మీ పిల్లలు వేరే క్యాంపస్‌కు వెళ్లినా మీ లాగిన్‌తోనే తగులుకుంటారు, అతిథులకు గెస్ట్ ఎస్‌ఎస్‌ఐడీ అవసరం సగం తగ్గుతుంది.

నెల్లూరు నెట్:
రెండు వారాలకు మళ్లీ వచ్చాను. ఒక్క బ్లాకులో మాత్రమే చేయనిచ్చారు. 20 మెగాహెర్ట్జ్, డీఎఫ్‌ఎస్ ఆన్, పవర్ దించాం, ఎస్‌ఎస్‌ఐడీలు రెండు, పూల్ పెద్దది, స్నూపింగ్. కొన్నది ఏమీ లేదు. ఛానల్ వాడకం రాత్రిపూట సగానికి దిగింది. రాడార్ లాగులో ఒకే ఛానల్ పదేపదే కనబడింది, తీసేశాం. తరమణి గారికి ఆ లాగ్ పంపిస్తా. పక్క బ్లాకు పిల్లలు వచ్చి ఈ బ్లాకు మెట్ల మీద కూర్చుంటున్నారని వార్డెన్ కొత్త ఫిర్యాదు పెట్టాడు.

ఆరో అంతస్తు కేబుల్ గీకాను బాబాయ్. తెల్లగానే ఉంది. కొటేషన్‌ను వెనక్కి పంపి, ఆ డబ్బు కేబుల్‌కీ గోడ ప్లేటు ఏపీలకీ మళ్లించమని రాశాను, ఫైల్ నడుస్తోంది. తీరనివి రెండున్నాయి. ఆటలాడే పిల్లల పింగ్ (జవాబు తిరిగొచ్చే సమయం) ఇంకా ఎగిరెగిరి పడుతోంది. ఇంకోటి, కాన్వొకేషన్‌కు ఆడిటోరియం, 600 సీట్లు. దానికేం చేయాలి? వెండర్ ఇప్పటికే "6 గిగాహెర్ట్జ్" అంటున్నాడు.

అంబత్తూరు అక్క:
6 గిగాహెర్ట్జ్‌లో దిగువ 500 మెగాహెర్ట్జ్‌కు 2025 మేలో ముసాయిదా నియమాలు వచ్చాయి, మంచిదే. కానీ కాన్వొకేషన్‌కు వచ్చే అమ్మానాన్నల ఫోన్లలో ఎన్ని దాన్ని వినగలవు? మీ లెక్క 5లోనే వేయండి.

600 సీట్లు. ఒక్కసారిగా సగం మంది ఫోటోలు పంపుతున్నారు, 300. మనిషికి 2 ఎంబీపీఎస్ ఇద్దాం. 20 మెగాహెర్ట్జ్ వైఫై 6 ఛానల్లో రెండు స్ట్రీములతో (ఒకేసారి రెండు డేటా ధారలు), హాల్లో దొరికే మధ్యస్థపు సిగ్నల్‌కు లింకు రేటు 137 ఎంబీపీఎస్ దగ్గర ఉంటుంది, వంతులూ జవాబులూ పోగా చేతికొచ్చేది దాదాపు సగం, 60 అనుకోండి. ఒక రేడియోకు 30 మంది. పది రేడియోలు, పది వేరు ఛానళ్లు. ఇరవై కాదు, నలభై కాదు. సీలింగు ఎత్తుగా ఉంటే అక్కడ్నుంచి వేయకండి, ప్రతి ఏపీ హాలంతా వినబడుతుంది. సీట్ల కింద పెట్టండి, మనుషులే సిగ్నల్‌ను మింగి ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరు చేస్తారు. దుమ్ము పడని పెట్టెలో పెట్టండి, హాలు ఊడ్చేవాళ్లు నీళ్లు కొడతారు. కొలిచేది హాలు నిండినప్పుడే, ఖాళీ హాలు కొలతలతో లాభం లేదు.

ప్యాకెట్ వేటగాడు:
ఆడిటోరియం వీలాన్‌కు లీజ్ అరగంట పెట్టండి, ఉదయం బ్యాచ్ వెళ్లి మధ్యాహ్నం బ్యాచ్ వస్తుంది. నాట్ (లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చేది) పూల్‌లో పబ్లిక్ ఐపీ ఒక్కటే ఉంటే ఇంకో నాలుగు కలపండి, ఫోటోలు పంపే ఫోను ఒక్కోటి పదుల కనెక్షన్లు తెరుస్తుంది. నాట్ లాగులు మాత్రం ఆపకండి, 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ చెప్పినట్టు 180 రోజులు దాచాలి. పింగ్ సంగతికి ఆ బ్లాకు అప్‌లింక్ స్విచ్‌లో క్యూలు (ప్యాకెట్ల వరసలు) చూడండి, రాత్రిపూట ఎవరో బ్యాకప్ నడుపుతున్నట్టుంది.

రాత్రి రౌటర్:
మా బ్లాకుకు ఎప్పుడు అన్నా?

నెల్లూరు నెట్:
నీ బ్లాక్ నంబర్ నాకు తెలియదు కదా తమ్ముడూ.

కేబుల్ బాబాయి:
సీట్ల కింద పది ఏపీలంటే పది కేబుళ్లు నేల కింద. కాన్వొకేషన్‌కి ఎన్నాళ్లుంది? టైల్స్ పగలగొట్టాలంటే ఇప్పుడే పీఓ (కొనుగోలు ఆర్డర్) ఇవ్వమను.